నల్ల పావుల గేటు సారు

గేటు సారు పోయాడన్న కబురు నాకు ఆయన ఇంటివాళ్ళు చెప్పలేదు, ఆఫీసువాళ్ళు చెప్పలేదు. ఒక లారీ డ్రైవరు చెప్పాడు. కొత్తగూడెం బస్టాండు బయట చాయ తాగుతుంటే వెనక నుంచి భుజం మీద చెయ్యి పడింది.

"పెద్దాయనా, గుర్తువట్టినవా? వెదురు లోడు తెచ్చేటోన్ని. మీ ఫారెస్టు చెక్‌పోస్టు కాడ మంత్రి ముందరి బంటు జరుపుమనే సారు ఉండె జూడు, ఆయన సచ్చిపోయిండంట."

"ఎప్పుడు?"

"పోయిన నెలల. నేలకొండపల్లిల మా బావమరిది చెప్పిండు. మంచోడే పాపం. పదేండ్లు జరిపిన గా బంటును. దాని తర్వాత ఏం జరపాల్నో ఒక్కనాడు చెప్పలే."

నిజమే, చెప్పలేదు. ఆ రోజుల్లో భద్రాచలం రోడ్డు మీద తిరిగిన లారీ డ్రైవర్లలో సగం మందికి చదరంగంలో ఒక్క ఎత్తు వచ్చు. మంత్రి ముందరి బంటును రెండు గళ్ళు ముందుకు జరపడం. అది జరిపాకే ఆయన వాళ్ళ పర్మిట్ కాగితం చేతిలోకి తీసుకునేవాడు. తర్వాతి ఎత్తులతో వాళ్ళకు పని లేదు. ఆయన బోర్డు మీదికి వంగి ఆలోచనలో పడేవాడు, నేను లోడు చూసి గేటు ఎత్తేవాణ్ణి, లారీ వెళ్ళిపోయేది. అది పాల్వంచ చేరిన వేళకు ఆయన ఒక నల్ల బంటు మీద వేలు పెట్టేవాడు. పెట్టి, తీసేసేవాడు.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలని అంటారు. నేను ఉన్నదే చెప్తాను. ఆయన బక్కపలచని మనిషి. ఖాకీ చొక్కా గుండీలు ఒక కాజా తప్పి ఉండేవి. నల్ల ఒంటె పావుతో చెవి గోక్కునేవాడు. అందుకని ఆ పావు నెత్తి నున్నగా మెరిసేది. ఆటలో దాన్ని చంపినవాడు రెండు వేళ్ళతో దూరంగా పట్టుకుని పక్కన పెట్టేవాడు. అరచెయ్యి ముందుకు చాపి "ఆగు" అనడం ఆయనకు ఉద్యోగంలో అబ్బిన గుణం. లారీకీ అదే, కుక్కకీ అదే, తిడుతున్న పెళ్ళానికీ అదే. ఒకసారి గాలివాన మొదలైతే ఆకాశం వైపు కూడా చెయ్యి చాపాడు, నేను చూశాను. లారీలు తప్ప ఇంకేవీ ఆగేవి కావు.

నేను ఆ గేటు దగ్గర రోజుకూలీ వాచర్ని. తాడు లాగి కర్ర ఎత్తడం, వదిలి దించడం, లోడు ఎక్కి వెదురు కింద టేకు దుంగలేమైనా పడుకోబెట్టారేమో తడిమి చూడడం నా పని. కాగితం చదవడం ఆయన పని. నాకు అక్షరం రాదు. ఆయనకు లారీ ఎక్కడం రాదు, సగంలో కళ్ళు తిరుగుతాయి. ఇద్దరం కలిస్తే ఒక ఉద్యోగి.

ఆయన ఎన్నడూ తెల్ల పావులు ముట్టేవాడు కాదు. ఎదురుగా ఎవరు కూచున్నా, చిన్నపిల్లలు కూచున్నా, తెల్లవి వాళ్ళ వైపు తోసేవాడు. ఎందుకని ఒకసారి అడిగాను.

"తెల్లోడు లారీ అసొంటోడు. వాని తొందర వానిది, ముందుగల వాడే కదలాలె. నేను గేటోన్ని. వాడు వచ్చినంక జూస్త."

"మరి అందరితోని మంత్రి ముందరి బంటే ఎందుకు జరిపిస్తవు సారూ? రాజు ముందరిది జరిపితే ఏమైతది?"

"రాజు ముందరిది జరిపేటోడు కొట్లాటకొచ్చేటోడు. ఆన్ని దూరంకెల్లే గుర్తువట్టొచ్చు. మంత్రి బంటు జరిపేటోడు గట్ల గాదు. కాగితాలన్ని సక్కగ పెట్టుకొని, సలాం గొట్టి, దుంగలు అడుగున పెట్టుకొని వస్తడు. ఆన్ని పట్టుడు కష్టం. అందుకే ఆని మీదనే నా చదువు."

చదువంటే ఒక పుస్తకం. కాగితం మిల్లుకు పాత కాగితాల లోడు పోతుంటే అందులోంచి జారిపడింది. నేను చూస్తుండగానే ఆయన దాని మీద కాలు పెట్టి, లారీ పోయేదాకా తీయలేదు. ఇంగ్లీషు పుస్తకం. అట్ట లేదు. మొదటి పేజీలు చెదలు తిన్నాయి. లోపల బొమ్మలు తక్కువ, ఉన్నవి కూడా ఆట చివర్లో రెండు పక్కలా నాలుగు పావులు మిగిలినప్పటివి. కానీ మంత్రి బంటు జరిపితే నల్లవాడు ఏమేం చెయ్యొచ్చో ఎత్తు ఎత్తుకూ రాసి ఉంది. ఆయన పదో తరగతి మూడుసార్లు రాసినవాడు, ఆ మాత్రం ఇంగ్లీషు చదివేవాడు.

చదివి బోర్డు మీద ఆడించి చూస్తే నాలుగైదు ఎత్తులకే పుస్తకం తప్పేది. చంపమన్న చోట చంపడానికి ఏమీ ఉండేది కాదు. ఒంటె పోవలసిన దారిలో సొంత బంటు కూచుని ఉండేది. అలాంటి చోటల్లా ఆయన పక్కన పెన్సిలుతో "ప్రింటు తప్పు" అని రాసి, తనకు సరి అనిపించింది కింద వేసేవాడు. ప్రతి పేజీలోనూ పెన్సిలే. "ఇంగ్లీషోడు ఆట కనిపెట్టకపాయె, పుస్తకమన్న సక్కగ రాయకపాయె" అని తిట్టుకునేవాడు. అలా పదకొండేళ్ళు దిద్దాడు.

అందులోని పేర్లు ఆయన పలకలేడు, పలికినా నాకు తెలియవు. అందుకని గేటు భాషలో పేర్లు పెట్టుకున్నాడు. మొదటిది మూసుడు: వాడి బంటుకు ఎదురుగా మన బంటును తెచ్చి అడ్డం నిలబెట్టి, వెనక ఇంకో బంటును ఆసరా పెట్టడం. లారీ ముందు కర్ర దించినట్టు. రెండోది తీసుడు: అడ్డమే పెట్టకుండా వాడి బంట్లన్నిటినీ నడుమకు రానిచ్చి, మన గుర్రాలనూ ఒంటెనూ వెనక కాపు పెట్టి, వాడు పూర్తిగా లోపలికొచ్చాక అడుగు నుంచి తవ్వడం. మూడోది దొంగదారి: నడుమ సంగతే ఎత్తకుండా పక్క బంటును పంపడం, గేటు తప్పించుకుని వాగు వెంట దుంగలు దాటించినట్టు. ఆయనకు మనసులో మూడోదే ఇష్టం. కానీ ఫారెస్టు ఉద్యోగి అయ్యుండి దొంగదారి ఎలా పడతానని సిగ్గు. కాబట్టి మిగిలినవి రెండు. ఆ రెంటిలో ఏది మంచిదో తేల్చుకోవడమే ఆయన బతుకంతా.

"మూస్తే ఏమైతది సారూ?"

"ఇరుకైతది. నా ఒంటె నా బంట్ల ఎన్కనే ఇరుక్కుంటది, మా ఇంట్ల నేనున్నట్టు."

"తీస్తే?"

"ఆగమైతది. సందు దొర్కితే నేను ఆన్ని తంత. దొర్కకుంటే నా ఇంట్ల నన్నే తంతడు."

"మరి ఏది మంచిగుంటది?"

"గదే తెలుస్తలేదు."

ఆదివారం చర్చికి పోయేవాడు, వెనక వరసలో కూచునేవాడు. భక్తి అనుకుంటే మన పొరపాటు. ఆ చర్చిలో కింద నలుపూ తెలుపూ బండలు పరిచి ఉండేవి. పాస్టరు గారు ప్రసంగం చెప్తూ అటూ ఇటూ నడుస్తుంటే ఈయన గళ్ళు లెక్కపెట్టేవాడు. ఇంటికొచ్చి, "ఇయ్యాల పాస్టరు గారు గుర్రం లెక్క దుంకిండు, ముందు వరుసల పెద్దావిడకు చెక్ పడ్డది" అనేవాడు. ఆయన భార్యకు ఒళ్ళు మండేది. ఆమె నిజమైన భక్తురాలు, నోరు కూడా గట్టిదే.

తేల్చుకోలేకపోవడం ఆటలోనే కాదు. గేదెను కొనాలా ఆవును కొనాలా అని నాలుగేళ్ళు ఆలోచిస్తే ఆమె విసిగి మేకను తోలుకొచ్చింది. వానలో గొడుగు తీసుకోవాలా రెయిన్‌కోటు వేసుకోవాలా అని గడపలో నిలబడి, రెండూ లేకుండా తడిసి వచ్చేవాడు. ఆమె నాతో అనేది: "ఈయనకు రెండు కూరలు వండితే ఉపాసముంటడు తమ్మీ. ఒక్కటే వండి ముందర పెట్టాలె."

ఇక నా సంగతి. పన్నెండేళ్ళు రోజుకూలీ మీద ఆ తాడు లాగాక మా రేంజికి ఒక వాచర్ పోస్టు వచ్చింది. పర్మినెంటుది. అది దొరికితే బతికాను, దొరకకపోతే ఆ ఎండాకాలంతో నన్ను పంపించేస్తారు. పర్మిట్ చదవడం రావాలని అందులో రాసి ఉంది. నా ముందు ముగ్గురున్నారు, ముగ్గురికీ చదువొచ్చు. నేను ఆశ వదులుకుని మా గూడెంలో మొక్కజొన్న ఎక్కడ వేయాలా అని చూసుకుంటున్నాను.

అప్పుడు కొత్త ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. పోస్టు ఎవరికివ్వాలో రాసేది ఆయనే. వయసులో చిన్న, గడియారం వైపు ఎక్కువగా చూసే మనిషి. గేటు గదిలోకి వస్తూనే బల్ల కింద దాచిన బోర్డు చూశాడు.

"ఏమయ్యా, డ్యూటీలో చదరంగమా?"

గేటు సారు లేచి నిలబడ్డాడు. చెవిలో ఒంటె ఉంది. "లారీలు లేనప్పుడు సార్. నాతోని నేనే."

ఆఫీసరు కోప్పడలేదు, మొహం వెలిగింది. "నేను కాలేజీలో ఛాంపియన్ని. తెల్లవైతే మంత్రి బంటు తప్ప ఇంకోటి జరపను. అది ఎవడూ ఆపలేడు."

ఆ మాట వినగానే గేటు సారు మొహంలో ఏదో కదిలింది. పదకొండేళ్ళుగా ఎదురు చూసిన లారీ గేటు ముందుకొచ్చి ఆగినట్టు నిలబడిపోయాడు. తర్వాత ఆయన నోట వచ్చిన మాట విని నేను తాడు వదిలేశాను.

"సార్, వచ్చేనెల తనిఖీకి వస్తరు గద. ఒక్క ఆట ఆడుదం. నేను ఓడకుంటే ఈ వాచర్ పేరు రాయుండ్రి."

"ఇతనికి చదువొచ్చా?"

"నేను నేర్పుత సార్."

ఆఫీసరు పెద్దగా నవ్వాడు. "గెలవక్కర్లేదా? ఓడకపోతే చాలా? సరే. ఓడకు, రాస్తాను."

జీపు మలుపు తిరిగేదాకా ఆగి ఆయన మీద పడ్డాను. "నా బువ్వ మీద ఆటాడ్తవా సారూ? నిన్నెవడు అడగమన్నడు?"

"నీకాడ పోయేటిదేమన్న ఉన్నదా?"

ఆలోచించాను. లేదు.

"మరింకేంది? ఇను. ఓడొద్దు. గెల్వనూ వద్దు. ఓడిపోయిన ఆఫీసరు సంతకం పెట్టంగ నువ్వెన్నడన్న జూసినవా? సమానం గావాలె. సమానం అయితేనే నీకు నౌకరి."

ఆ నెలంతా గేటు దగ్గర ఇంకో మాట లేదు. పొద్దున వచ్చి "మూస్త" అనేవాడు. మధ్యాహ్నం సద్ది విప్పుతూ "తీస్త" అనేవాడు. నన్ను తెల్లవైపు కూచోబెట్టి ఆడించేవాడు, నాకు అలాగే పావుల నడక వచ్చింది. డ్రైవర్ల చేత బంటుతో ఆపకుండా ఐదారు ఎత్తులు వేయించడం మొదలుపెట్టాడు. లారీలు మైలు దూరం నిలిచాయి. "ఏందయ్యా, ఇది చెక్‌పోస్టా, బడా?" అని ఒకడు హారన్ మీద కూచున్నాడు. గేటు సారు వాడికి అరచెయ్యి చూపించి, "మూసుడే మంచిదనుకుంట" అన్నాడు నాతో.

ఆయన భార్య సద్ది ఇవ్వడానికి వచ్చి నన్ను పక్కకు పిలిచింది. "తమ్మీ, ఈయన మీద నమ్మకం పెట్టుకోకు. మా పెండ్లిల ఉంగరం ఏ ఏలికి తొడగాల్నో అని పాస్టరు గారిని నిలబెట్టిండు."

ఆఫీసరు చెప్పిన రోజే వచ్చాడు. పొద్దున పది గంటలు. భద్రాచలంలో మీటింగు ఉందన్నాడు, కుర్చీలో సగమే కూచున్నాడు. తెల్లవి ఆయన పేర్చుకున్నాడు, నల్లవి ఈయన పేర్చుకున్నాడు. ఆఫీసరు చెయ్యి బంటు మీదికి పోతూ మధ్యలో ఆగింది.

"ఇదేంటి? రాజునక్కడ పెట్టావు?"

"రాజు ఉండే కాడనే పెట్టిన సార్."

"రాజుకు ఎదురు రాజుండాలి. మంత్రికి ఎదురు మంత్రి. నువ్వు అటుదిటు పెట్టావు."

మా దిక్కు ఎవరైనా సరే రాజును తన కుడిచేతి వైపు, మంత్రిని ఎడమచేతి వైపు పెట్టుకుంటారు. ఎదుటివాడూ తన కుడి ఎడమలే చూసుకుంటాడు. కాబట్టి మా ఆటలో రాజుకు ఎదురు మంత్రి వస్తాడు. తాతల నాటి నుంచీ అంతే, ఇంకోలా ఉంటుందని ఎవరికీ తోచలేదు. ఆ పుస్తకం ఇంగ్లీషు పద్ధతి వాళ్ళది. పావులు ఎలా పేర్చాలో చెప్పిన పేజీలు చెదల కడుపులో ఉన్నాయి. రాజు వైపు గుర్రం, మంత్రి వైపు ఒంటె అని అందులో రాసినవన్నీ ఈయన బోర్డు మీద రెండో పక్కకు పోయాయి. ప్రింటు తప్పు ఒక్కటీ లేదు.

ఆయన లేచి వెళ్ళి ఆ పుస్తకం తెచ్చాడు. ఒక పేజీ తిప్పాడు, ఇంకో పేజీ తిప్పాడు. తన పెన్సిలు రాతలు చూసుకున్నాడు. ఆయన మొహం చూడలేక నేను గేటు తాడు చూశాను.

"పదకొండేండ్లు" అన్నాడు, ఎవరితోనూ కాదు.

ఆఫీసరుకు సంగతి అర్థమై నవ్వు ఆగలేదు. కళ్ళు తుడుచుకుని గడియారం చూసుకున్నాడు. "సర్లేవయ్యా, నీకు అలవాటైనట్టే పెట్టుకో. నాకేం తేడా రాదు. జల్దీ కానీ."

అని మంత్రి ముందరి బంటు రెండు గళ్ళు జరిపాడు.

గేటు సారు బోర్డు వైపు చూడలేదు, నా వైపు తిరిగాడు. "ఏమోయ్, నౌకరి నీది. నువ్వే చెప్పు. ముయ్యాల్నా, తియ్యాల్నా?"

నాకు ఆట అంతంత మాత్రమే తెలుసు. కానీ గేటు బాగా తెలుసు. నెమ్మదిగా వచ్చే డ్రైవరును ఆపితే దిగి బీడీ వెలిగించుకుంటాడు. తొందర మీదున్నవాణ్ణి ఆపితే దిగి కొట్లాటకు వస్తాడు. వాణ్ణి లోపలికి పోనిస్తే తన తొందరలో తనే రోడ్డు దిగి ఇసుకలో ఇరుసు దాకా కూరుకుపోతాడు. ఈ ఆఫీసరు ఇప్పటికే మూడుసార్లు గడియారం చూశాడు.

"తియ్యి సారూ. రానియ్యి."

తీశాడు. ఆఫీసరు బంట్లు నాలుగు నడుమకు వచ్చి వరసగా నిలబడ్డాయి. గుర్రాలు వచ్చాయి, ఒంటెలు వచ్చాయి. గేటు సారు కొంచెం కొంచెం వెనక సర్దుకుంటూ పోయాడు. వాడేసిన పర్మిట్ వెనక వైపు తెల్లగా ఉంటే దాని మీద ఎత్తు ఎత్తూ రాసుకోవడం ఆయనకు అలవాటు. ఆ రోజూ రాశాడు.

తేడా రాదన్న ఆఫీసరుకు తేడా వచ్చింది. ఆయన చేతికి ఇరవయ్యేళ్ళ అలవాటు. నల్లరాజు ఎప్పుడూ తన కుడి పక్కనే ఉంటాడని ఆ చేతికి తెలుసు. ఆటలో సగం దూరం పోయాక రాజు ఎడమ పక్కన ఉన్నాడన్న సంగతి మరిచి, తన బలగమంతా కుడి పక్కకు తోలాడు. మంత్రి అటే పోయింది, ఏనుగు అటే పోయింది. ఇల్లు ఖాళీ చేసి పోయినవాడి తలుపు బాదినట్టు బాదాడు. బాదాక ఇంట్లో ఎవరూ లేరని తెలిసింది. అప్పటికి ఆయన సొంత రాజు చుట్టూ కాపలా లేదు. గేటు సారు దిద్దుకున్న పదకొండేళ్ళ తప్పుల్లో సరిగ్గా ఇలాంటి బోర్డే ఉంది. ప్రపంచంలో ఇంకెవరూ దాన్ని చదవలేదు.

ఆఫీసరు మెడ మీద చెమట పట్టింది. గడియారం చూడడం మానేశాడు.

గేటు సారు చెవి గోక్కోవడం ఆపేశాడు. అది నేను ఎన్నడూ చూడలేదు. చెవి ఎర్రగా ఉంది. చెయ్యి బోర్డు మీద గాలిలో నిలిచింది, ఏ పావు మీదా దిగలేదు. ఇప్పుడేదో జరగబోతుందని నాకు అర్థమైంది, ఏమిటన్నది అర్థం కాలేదు. గెలిస్తే పోస్టు పోతుంది. ఓడినా పోతుంది.

బయట లారీ హారన్ కొట్టింది.

"పో, గేటు తీసిరా" అన్నాడు, నా వైపు చూడకుండా.

వెళ్ళాను. వెదురు లోడు, బండి మొండికేసి రెండుసార్లు ఆగింది. లోడు తడమకుండానే వదిలేశాను, నా ఉద్యోగ జీవితంలో అదొక్కసారే. తిరిగి వచ్చేసరికి పావులు కలిపేసి ఉన్నాయి. ఆఫీసరు లేచి నిలబడి గేటు సారు చెయ్యి ఊపుతున్నాడు.

"సమానం! బాగా ఆడావయ్యా. నేనే అడిగాను సమానమని. మీటింగు లేకపోతే చూసేవాడివి."

"అవ్ సార్" అన్నాడు గేటు సారు.

ఆఫీసరు మాట తప్పలేదు. నా పేరు రాశాడు, చదవడం వచ్చు అని కూడా రాశాడు. ఆ రెండో ముక్కను నిజం చెయ్యడానికి మాకు వానాకాలం పట్టింది. ముప్ఫై ఆరేళ్ళకు నేను నేర్చిన మొదటి మాట అమ్మ కాదు, ఆవు కాదు. వెదురు. రెండోది టేకు. మూడోది రద్దు. ఆయన మంచి పంతులు కాదు. తప్పు చదివితే ఆ చెవి ఒంటెతోనే నా నెత్తిన కొట్టేవాడు. కానీ నాకు అక్షరాలు వచ్చాయి. తర్వాత ఆ పుస్తకం కూడా ముందేసుకున్నాను. ఆయన ఆలోగా రబ్బరు తెచ్చి పెన్సిలు రాతలన్నీ చెరపాలని కూచున్నాడు. రెండు పేజీలు చెరిపి, చెరపాలా ఉంచాలా అని ఆగిపోయాడు. పుస్తకం అలాగే ఉండిపోయింది.

ఆ ఆట రాసిన చీటీ నేను దాచుకున్నాను. అక్షరాలూ, ఆటా రెండూ ఒంటబట్టాక ఒక రోజు దాని ప్రకారం పావులు పేర్చాను. ఆయన చెయ్యి గాలిలో నిలిచిన చోటికి వచ్చి ఆగాను. ఒక్క గుర్రం ఎత్తు. గుర్రం ఆ గడిలో పెడితే తెల్లరాజుకు ఆటకట్టు. మూడేళ్ళుగా ఆడుతున్న నాకే కనపడింది. పరుగెత్తుకెళ్ళి అడిగాను.

"సారూ, గుర్రంతోని ఆటకట్టు ఉండె. ఎందుకెయ్యలే?"

"నాకు కనపడలే."

"నీకు కనపడకపోవుడేంది?"

"కనపడలేదంటే ఇనవేందిరా? లారీ వచ్చింది, పో."

ఆయన రిటైరై నేలకొండపల్లి వెళ్ళిపోయేదాకా ఎప్పుడడిగినా అదే జవాబు. ఒక్క ఆఫీసరును, అదీ మంత్రి బంటు తప్ప ఇంకోటి జరపని ఛాంపియన్ను, నల్ల పావులతో ఓడించే అవకాశం ఆయనకు బతుకులో ఒక్కసారి వచ్చింది. ఆ రోజుతో అది అయిపోయింది. మళ్ళీ అటువంటి ఆటగాడు మా గేటుకు రాలేదు. డ్రైవర్లే వచ్చారు.

పోయిన ఏడాది ఆయనకు బాగాలేదంటే చూడబోయాను. దవాఖానా నుంచి ఇంటికి తెచ్చేశారు. మంచంలో పిల్లాడంత అయిపోయాడు. నన్ను చూసి "గేటు ఏసి వచ్చినవా?" అన్నాడు. గేటు తీసేసి ఆరేళ్ళయిందని చెప్పాను. "మరి లారీలు?" అన్నాడు. ఊరికే పోతున్నాయన్నాను. అది ఆయనకు నచ్చలేదు.

ఆయన భార్య కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది. నేను మంచం పట్టె మీద కూచుని చీటీ తీశాను. "ఇప్పుడన్న నిజం చెప్పు సారూ. ఆ గుర్రం ఎత్తు సూసినవా, లేదా? నాకోసం ఆపినవా?"

ఆయన చీటీ మీద వేలు పెట్టాడు. పెట్టి, తీసేశాడు.

"సూసిన."

కళ్ళు తుడుచుకున్నాను. చెయ్యి పట్టుకోబోయాను. లాగేసుకున్నాడు.

"ఏడ్వకు. నీకోసం కాదు, ఏం కాదు. ఆటకట్టులు రెండు ఉండె. గుర్రంతోని ఒకటి, ఇంకొకటి. ఏది ఎయ్యాల్నో తేల్చుకుంటుంటే గా సారు సమానమని చెయ్యి జాపిండు. నేనేం జెయ్యాలె?"

"రెండోది ఏది?"

"నువ్వే జూసుకో. సదువొచ్చు గద."

అప్పటి నుంచీ ఆ చీటీ ముందేసుకుని పావులు పేరుస్తూనే ఉన్నాను. ఒంటెతో చూశాను, ఏనుగుతో చూశాను, మంత్రితో చూశాను. ఇల్లందులో బొగ్గుబావి పందేల్లో కప్పులు గెలిచే ఆటగాళ్ళకు తీసుకెళ్ళి చూపించాను. గుర్రం ఎత్తు వాళ్ళకు ఒక్క చూపులో కనపడింది. రెండోదాని కోసం ఒక పూటంతా కూచున్నారు.

రెండోది లేదు. పోయేముందు కూడా నాకు అబద్ధమే చెప్పి పోయాడు ముసలోడు.